ఊరు రాయని ఒక్క ఉత్తరం: నేలపూడి మెర్సీ గారి ముప్పై మూడేళ్ల డెస్కు

1992 జూన్ 15, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు శ్రీమతి నేలపూడి మెర్సీ గారు అమలాపురంలోని ‘వశిష్ఠవాణి’ దినపత్రిక కార్యాలయంలో ప్రూఫ్ రీడరుగా చేరారు. అప్పటికి వయసు ఇరవై అయిదు. స్వగ్రామం రాజోలు మండలం శివకోడు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆ ఇంట డిగ్రీ పూర్తి చేసిన మొదటి వ్యక్తి ఆమె. 2025 జూన్ 30, సోమవారం సాయంత్రం అయిదు గంటలకు అదే పత్రికలో కోనసీమ జిల్లా పేజీల డెస్క్ ఇన్‌ఛార్జిగా పదవీ విరమణ చేస్తున్నారు. మధ్యలో గడిచింది ముప్పై మూడేళ్ల పదిహేను రోజులు. ఇందులో ఆమె పేరు పత్రికలో అచ్చయింది ఒక్కసారి. ఆ సందర్భం ఈ వ్యాసంలో తర్వాత వస్తుంది.

చేరిన కొత్తలో ఆమె ప్రతి ప్రూఫును రెండుసార్లు చదివేవారు. మొదటిసారి పై నుంచి కిందికి, వార్త అర్థం కోసం. రెండోసారి కింది పంక్తి నుంచి పైకి, అక్షరాల కోసం. పైనుంచి చదివితే కన్ను తప్పును తానే దిద్దుకుని ముందుకు పోతుందని, కింది నుంచి చదివితే ఆగుతుందని ఆమె చెప్పేవారు. ఈ పద్ధతిని ఆ తర్వాత ఆమె దగ్గర పని నేర్చుకున్న పద్నాలుగు మంది పాటించారు. వారిలో ముగ్గురు నేడు ఇతర పత్రికల్లో డెస్కులు నడుపుతున్నారు.

1996 నవంబరు 6న తుపాను కోనసీమను తాకింది. కార్యాలయానికి తొమ్మిది రోజులు కరెంటు లేదు, పత్రిక జనరేటరు మీదే వెలువడింది. మృతుల పేర్లు చేతిరాత జాబితాలుగా వచ్చేవి. నవంబరు 10 సంచికలో ‘తాతారావు, 35’ అని ఒక పేరు ఊరు లేకుండా అచ్చయింది. ఉప్పలగుప్తం మండలంలో ఒక తాతారావు గారి భార్య ఆ పేరు చూసి గాజులు తీసేశారు. తాతారావు గారు పనిమీద కాకినాడ వెళ్లి, రోడ్లు తెగిపోవడంతో అక్కడే ఉండిపోయారు. పన్నెండో తేదీన పత్రిక చేత పట్టుకుని కార్యాలయం మెట్లెక్కారు.

“బతికే ఉన్నానండి. ఇందులో ఉన్నది వేరే తాతారావండి. ఇంటికెళితే మా ఆవిడ దెయ్యాన్ని చూసినట్టు చూస్తంది. పేపర్లో పడింది కదా అంటందండి. నేను బతికున్నట్టు కూడా వేసేయండి, గొడవొదిలిపోద్ది.”

మర్నాడు వేశారు. ఆ మర్నాటి నుంచే మెర్సీ గారు ఒక నియమం పెట్టారు: ఊరు, ఇంటిపేరు తెలియకుండా ఏ పేరూ అచ్చుకు వెళ్లకూడదు. ప్రూఫ్ రీడరు నియమాలు పెట్టడం ఏమిటని అప్పట్లో కొందరు అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ నియమం పత్రికదైంది.

1999లో ఆమె సబ్ ఎడిటర్ అయ్యారు. 2008లో డెస్క్ ఇన్‌ఛార్జి అయ్యారు. అభిప్రాయం చెప్పిన ప్రతివారికీ వారి మాటలను అచ్చుకు ముందు ఫోనులో తిరిగి చదివి వినిపించడం అప్పుడే మొదలుపెట్టారు. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడ్డాక ఆమె చేతి కిందికి రెండు పేజీల స్థానంలో ఆరు వచ్చాయి. విలేఖరులు ఫోను చేసి వార్త చెబుతుంటే మొదట ఆమె అడిగే ప్రశ్న “ఊరేదబ్బాయ్?”. పేజీలు కట్టే మంగరాజు గారు ఇరవై ఏళ్లుగా ఆమె పక్క బల్ల మీద పనిచేస్తున్నారు. ఆయన ఒక క్రిస్మస్ ముందురోజు అన్న మాట కార్యాలయంలో అందరికీ తెలుసు.

“మేడం, రేపు యేసుప్రభువు వార్తొచ్చినా ‘నజరేతు, యోసేపు గారబ్బాయి’ అని వేయిస్తారండి మీరు.”

“వేయిస్తాను. ఆ ఊళ్లో ఆ పేరున్నోళ్లు ఎంతమందో నీకు తెలుసా?”

ఈ నియమం ఇరవై ఏడేళ్లకు పైగా పత్రికను తప్పుల నుంచి కాపాడింది. ఒకసారి అదే తప్పు చేయించింది. మెర్సీ గారి వృత్తి జీవితాన్ని తెలుసుకోగోరేవారు ఆ ఉదంతాన్ని తెలుసుకోవాలి. అందులోని వారందరి పేర్లూ, ఊళ్లూ వారి అనుమతితోనే ఇక్కడ రాయడమైంది.

2024 ఫిబ్రవరి 28, బుధవారం, జాతీయ విజ్ఞాన దినం నాడు అమలాపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో ‘పిండ మూలకణాల పరిశోధన: ఎంతవరకు?’ అనే అంశం మీద బహిరంగ చర్చ జరిగింది. రెండు వందల ముప్పై మంది వచ్చారు. పట్టణంలో అప్పటికి నెల రోజులుగా మూలకణాలతో అన్ని జబ్బులూ నయం చేస్తామనే కరపత్రాలు తిరుగుతున్నాయి. అందుకే హాలు నిండింది.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు భవానీదేవి గారు మొదట మాట్లాడారు. సంతాన సాఫల్య చికిత్సలో కొన్నిసార్లు పిండాలు మిగులుతాయని, వాటిని అతిశీతలంలో నిల్వ చేస్తారని, అయిదు రోజుల పిండం కంటికి ఆనీ ఆననంత చుక్క అని, అందులోని కణాలు శరీరంలోని ఏ కణంగానైనా మారగలవని చెప్పారు. మన దేశంలో దంపతుల అంగీకారం లేకుండా వాటిని ముట్టుకోరాదని, పద్నాలుగు రోజులు దాటి ప్రయోగశాలలో పెంచరాదని, పరిశోధన కోసమే పిండాలను సృష్టించరాదని వివరించారు. పాస్టర్ బెంజమిన్ గారు తర్వాత మాట్లాడారు. మెర్సీ గారు వెళ్లే చర్చికి ఆయనే కాపరి. ప్రాణం మొదలయ్యే చోటు మనిషి గీసిన గీత కాదని, పిండంలోని కణాలు తీసుకోవడమంటే ఆ పిండాన్ని అంతం చేయడమేనని, మంచి ఫలితం కోసం కూడా ఆ పని తగదని ఆయన వాదించారు.

సభలోంచి ఇద్దరు మాట్లాడారు. మొదటివారు ఉప్పలగుప్తానికి చెందిన ఏసుదాసు గారు. కొబ్బరి దింపు కార్మికుడు. 2019లో చెట్టు మీది నుంచి పడ్డారు. నడుము కింద స్పర్శ లేదు. చక్రాల కుర్చీలోనే మైకు అందుకున్నారు.

“నా నడుముకి వస్తుందాండి ఈ మందు? ఆ ఒక్క ముక్కా చెప్పండి చాలు.”

వెన్నుపాము దెబ్బకు మూలకణాలతో అనుమతి పొందిన చికిత్స ఈ రోజున లేదని, కరపత్రాలు నమ్మవద్దని భవానీదేవి గారు చెప్పారు.

రెండోవారు బిందు గారు. ముక్తేశ్వరంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, తొమ్మిదేళ్ల కవలల తల్లి. పదేళ్ల కిందట రాజమహేంద్రవరంలోని ఒక సంతాన సాఫల్య కేంద్రంలో చికిత్స పొందారు. ఆరు పిండాలు మిగిలాయి. చట్టం అనుమతించే నిల్వ గడువు పదేళ్లు. అది జూన్ నెలాఖరుకు ముగుస్తుంది. కేంద్రం పంపిన ఫారంలో రెండు గళ్లు ఉన్నాయి: వాటంతట అవి నశించడానికి వదిలేయడం, లేదా పరిశోధనకు ఇవ్వడం. “ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియక వచ్చేనండి,” అని ఆమె అన్నారు. మైకు ఇచ్చేసి వెళ్తూ ‘వశిష్ఠవాణి’ విలేఖరి సుధీర్ దగ్గర ఆగి, పేరు వేయవద్దని కోరారు.

సుధీర్‌కు అప్పటికి రెండేళ్ల అనుభవం. ‘సభలో ఒక మహిళ’ అని మాత్రమే రాసి వార్త పంపారు. సాయంత్రం ఏడింటికి మెర్సీ గారు ఫోను చేశారు.

“ఊరేదబ్బాయ్?”

“పేరే వేయొద్దన్నారండి.”

“పేరు వేయం. ఊరూ, ఏం చేస్తారో చెప్పు. గాల్లోంచి ఊడిపడిన మనిషిలా ఉంది నీ వార్త.”

ఆమె ఫోను నంబరు సుధీర్ దగ్గర లేకపోవడంతో తిరిగి చదివి వినిపించడం ఆ రాత్రి జరగలేదు. మర్నాడు పత్రికలో ‘ముక్తేశ్వరానికి చెందిన, కవలల తల్లి అయిన ఒక ఉపాధ్యాయురాలు’ అని వచ్చింది. ముక్తేశ్వరంలో ఆ వివరాలకు సరిపోయేది ఒక్కరే.

29వ తేదీ ఉదయం పది గంటల నలభై నిమిషాలకు కార్యాలయం ఫోను మోగింది. మెర్సీ గారే తీశారు.

“పేరు వేయొద్దన్నానండి,” అన్నారు బిందు గారు. “వేయలేదు మీరు. ఊరు వేసేరు. పంతులమ్మనని వేసేరు. కవలలని వేసేరు. ఇంక ఏం మిగిలిందండి? మా అత్తగారికి ఆ ఆరింటి సంగతే తెలీదు. పొద్దున్న ఎవరో వచ్చి చదివి వినిపించేరు. అప్పట్నుంచీ గదిలోంచి రావట్లేదు.”

“ఆయ్. ఊరు వేసింది నేనేనమ్మా. కుర్రాడు సరిగ్గానే పంపేడు.”

పత్రికలో పొరపాట్ల సవరణ ఏడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయడం ఆనవాయితీ. దీన్ని మొదటి పేజీలో వేస్తానని మెర్సీ గారు ఎడిషన్ ఇన్‌ఛార్జి కేశవరావు గారితో చెప్పారు.

“అసలు వేయడమెందుకండీ? చూడనివాళ్లు కూడా పాత పేపరు తీసి చూస్తారు.”

“చూస్తారండి. అందుకే ముందు వాళ్లని అడిగొస్తాను. వద్దంటే మానేద్దాం.”

“సుధీర్ పేరుతో వేయిస్తారా?”

“తప్పు నాదయితే ఆ పిల్లాడి పేరెందుకండీ?”

మధ్యాహ్నం బస్సులో ఆమె ముక్తేశ్వరం వెళ్లారు. బిందు గారి అత్తగారు మరియమ్మ గారికి అప్పటికి డెబ్బై ఒకటి. కూలికి వెళ్లి కొడుకు హేమంత్‌ను చదివించారు. ఆయన రాజోలు పోస్టాఫీసులో ఉద్యోగి. కోడలి వైద్యం జరిగిన రోజుల్లో మరియమ్మ గారు ప్రతి శుక్రవారం ఉపవాసం ఉన్నారు. కవలలు పుట్టాక మిగిలిన వాటి గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన రోజు రేపు రేపంటూ పదేళ్లు గడిచాయి.

మెర్సీ గారు గడపలోనే నిలబడి తానెవరో, ఏం చేశారో చెప్పారు. మరియమ్మ గారు గదిలోంచి బయటికి వచ్చారు.

“ఆరుగురమ్మా,” అన్నారు. “పదేళ్లు చలిలో పెట్టేరు. నాకు తెలిస్తే వాళ్ల కోసం కూడా ప్రార్థన చేసేదాన్ని కదా.”

మెర్సీ గారు సంచిలోంచి కాగితం తీసి సవరణ చదివి వినిపించారు. నాలుగు పంక్తులు. ‘ఫిబ్రవరి 29 సంచికలో, సభలో మాట్లాడిన ఒకరిని వారి కోరికకు విరుద్ధంగా గుర్తుపట్టే వివరాలు ప్రచురించాం. ఆ వివరాలు చేర్చింది విలేఖరి కాదు. డెస్క్ ఇన్‌ఛార్జి నేలపూడి మెర్సీ, శివకోడు. క్షమాపణ కోరుతున్నాను.’

“నీ పేరే వేసుకుంటావా?”

“ఆయ్.”

“ఊరు కూడానా?”

“ఊరు లేకపోతే మా ఆఫీసులో నా పేరు నేనే ఒప్పుకోనండి.”

మరియమ్మ గారు లోపలికి తిరిగి కోడల్ని పిలిచారు. “బిందూ, ఈవిడకి కుర్చీ వెయ్యి. నువ్వూ కూర్చో. అసలేం జరిగిందో ఇద్దరూ కలిసి నాకు మొదట్నుంచి చెప్పండి.” సవరణ వేయడానికి ఆ ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మార్చి 1 సంచిక మొదటి పేజీలో వచ్చింది.

వారం రోజుల్లో డెస్కుకు ముప్పై ఏడు ఉత్తరాలు అందాయి. పందొమ్మిది పరిశోధనకు అనుకూలం, పద్నాలుగు వ్యతిరేకం, నాలుగు ఆ మహిళను నిందిస్తూ రాసినవి. ఆ నాలుగింటిని మెర్సీ గారు పక్కన పెట్టారు. మిగిలిన వాటి కోసం ఆదివారం సంచికలో ఒక పేజీ కేటాయించారు. ఎడమ వైపు ఒక వాదం, కుడి వైపు మరొకటి, వారం వారం వైపులు మార్చి. ఒక్కొక్కరికి రెండు వందల యాభై మాటలు. పాస్టర్ బెంజమిన్ గారికి ఆయన వ్యాసం ఫోనులో చదివి వినిపిస్తున్నప్పుడు జరిగిన సంభాషణ ఇది.

“మన సంఘం బిడ్డవి. నాకు నాలుగు లైన్లు ఎక్కువ ఇవ్వకూడదామ్మా?”

“ఇవ్వకూడదండి. భవానీదేవి గారికెంతో మీకూ అంతే.”

“నా ప్రసంగమే గంట ఉంటుంది కదమ్మా!”

“తెలుసండి. ప్రతి ఆదివారం వింటున్నాను.”

ఆమె అభిప్రాయం ఏమిటని కార్యాలయంలో అందరూ అడిగారు. చెప్పలేదు. చెబితే తర్వాతి ఉత్తరం కత్తిరించేటప్పుడు చెయ్యి ఒకవైపు వాలుతుందని, వాలకపోయినా వాలిందని జనం అనుకుంటారని ఆమె సమాధానం.

ఏప్రిల్ 3న ఒక ఉత్తరం వచ్చింది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. కింద ‘ఒక నాయనమ్మ’ అని ఉంది. అది ఏ ఇంటి నుంచి వచ్చిందో చేతిరాత చూడగానే మెర్సీ గారికి తెలిసింది. ముక్తేశ్వరంలో బిందు గారు తన ఫోను నంబరు రాసిచ్చిన చీటీ ఆమె సంచిలోనే ఉంది, దాని మీదా ఇదే చేతిరాత. అయినా ఫోను చేసి తిరిగి చదివి వినిపించారు. ఏప్రిల్ 7, ఆదివారం అది ఉన్నదున్నట్టు అచ్చయింది. మంగరాజు గారు పేజీ కడుతూ తల తిప్పి చూశారు.

“మేడం, ఊరు లేదండి దీనికి.”

“లేదు. అలాగే కట్టు.”

ఉత్తరంలో ఉన్నది ఒకటే ప్రశ్న. ‘వదిలేసినా పోతాయి, ఇచ్చినా పోతాయి. రెండు దారులూ పోవడమే అయినప్పుడు, పోయేది ఎవరికన్నా పనికొస్తే అది పాపమా?’

తర్వాతి ఆదివారం ఇద్దరూ సమాధానం రాశారు. బెంజమిన్ గారు ఇలా రాశారు: ‘పిండాన్ని చేతులారా చెరపడం తప్పని నా విశ్వాసం. అది మారలేదు. కానీ వదిలేయడం ఒప్పు అని కూడా నేను అనలేను. ఆ తల్లికి తీర్పు తీర్చే అధికారం నాకు లేదు. ఏ గడి నింపినా ఆ ఇంటికి వెళ్లి ప్రార్థన చేస్తాను.’ భవానీదేవి గారు ఇలా రాశారు: ‘పరిశోధనకు ఇవ్వడం మేలని నా అభిప్రాయం. కానీ ఆ ఆరింటి వల్ల ఫలానావారు లేచి నడుస్తారని నేను చెప్పను. చెబితే కరపత్రాల వాళ్లకూ నాకూ తేడా ఉండదు. ఫలితం తెలియని పని కాబట్టే దాన్ని పరిశోధన అంటారు.’ అదే పేజీలో ఏసుదాసు గారి మూడు వాక్యాలు వచ్చాయి. ఫోనులో చెబితే మెర్సీ గారు రాసుకున్నారు. ‘నాకు రాదని టీచరు గారు చెప్పేరు. పర్వాలేదండి. రేపు చెట్టెక్కేవాడు ఇంకొకడు పడతాడు కదా, వాడికన్నా రావాలి.’

ఆ పేజీ పదమూడు వారాలు నడిచింది. జిల్లాలో రెండు కళాశాలలు, నాలుగు చర్చిలు, ఒక రోటరీ క్లబ్బు ఆ ఉత్తరాల మీద చర్చలు పెట్టాయి. ఆ పదమూడు వారాల్లో ముక్తేశ్వరం పేరు గానీ, ఉపాధ్యాయురాలి ప్రస్తావన గానీ ఆ పేజీలో రాలేదు. జూన్ మొదటి వారంలో బిందు గారు ఫోను చేసి ఏ గడి నింపారో మెర్సీ గారికి చెప్పారు. కేశవరావు గారు అడిగారు, సుధీర్ అడిగారు, మంగరాజు గారు ఏడాది పొడుగునా అడిగారు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

డెస్కు నియమావళిలో ఇప్పుడు రెండు వాక్యాలు ఉన్నాయి. మొదటిది 1996 నాటిది. రెండోది 2024 మార్చిలో మెర్సీ గారు చేర్చింది: ‘పేరు వద్దన్నవారికి ఊరు, వృత్తి, కుటుంబం కూడా వద్దు.’ సుధీర్ నేడు రాజోలు నియోజకవర్గ విలేఖరి. జూలై 1 నుంచి ఆరు పేజీల డెస్కు బాధ్యత మెర్సీ గారి శిష్యురాలు కామాక్షి గారు స్వీకరిస్తున్నారు.

శ్రీమతి మెర్సీ గారి కంటిచూపు చిన్న అక్షరం దగ్గర తగ్గకుండా, మోకాళ్లు బస్సు మెట్ల దగ్గర వెనుకాడకుండా, ఇంటిల్లిపాదితో ఆరోగ్యంగా దీర్ఘకాలం జీవించాలని, ఉదయాన్నే ఈ పత్రిక తెరిచి కింది పంక్తి నుంచి పైకి చదివి తప్పులు దొరికితే ఫోను చేయాలని కార్యాలయ సిబ్బంది కోరుకుంటున్నారు.

జూన్ 20న ఈ సంచిక కోసం ముక్తేశ్వరం నుంచి ఒక ఉత్తరం అందింది. మరియమ్మ గారు చెప్పగా బిందు గారు రాశారు. తిరిగి చదివి వినిపించి, ఒప్పుకున్నాక ఇక్కడ ఇవ్వడమైంది.

‘మెర్సీ గారికి. ఉద్యోగం నుంచి దిగుతున్నారని బిందు చెప్పింది. దేవుడు మీకు నూరేళ్ల ఆయుష్షూ, చివరిదాకా నడిచే కాళ్లూ ఇవ్వాలి. ఆ ఫారం సంగతి ఇన్నాళ్లూ మీరు పేపర్లో వేయలేదు. ఇప్పుడు వేయండి. మా పేర్లు వేయండి, ఊరు వేయండి. పరిశోధనకే ఇచ్చేం. బెంజమిన్ అయ్యగారు చెప్పినట్టే వచ్చి ప్రార్థన చేసేరు. నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ ఆరుగురూ గుర్తొస్తారు. అది కూడా వేయండి.’

రాజమహేంద్రవరంలోని కేంద్రంలో ఫారం ఇచ్చింది 2024 జూన్ 7, శుక్రవారం. సంతకం చేయాల్సింది దంపతులిద్దరే. హేమంత్ గారు, బిందు గారు చేశాక మరియమ్మ గారు కలం అడిగారు. ఆమె సంతకానికి ఫారంలో చోటు లేదని కౌంటరులోని ఉద్యోగి చెప్పారు. ఫారం నకలు బిందు గారి దగ్గర ఉంది. అందులో మూడు సంతకాలు ఉన్నాయి. మూడోది కాగితం అంచున, నిలువుగా ఉంది.